బొడ్డు మీది కొలత

ఎల్లారెడ్డి పాత బస్టాండు వెనక సందులో సిద్దిరాములుది కుట్టుదుకాణం. రెండు మిషన్లు, ఒక కోత బల్ల, ప్యాంటు తొడిగి చూసుకోవడానికి మూలన ఒక పూల పరదా. నలభై తొమ్మిదేళ్ల వయసులో ముప్పై ఏళ్లు ఆ మిషను ముందే గడిచాయి. కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉంటాయి గనక ఊళ్లో అందరూ అతన్ని బక్కమనిషి కిందనే లెక్కేస్తారు. అతనూ అలాగే అనుకునేవాడు.

పని నేర్చుకున్నది కామారెడ్డిలో, అజీజ్ ఉస్తాద్ దగ్గర. ఉస్తాద్ ఏడాదంతా గుండీలు కుట్టించాడు, ఇంకో ఏడాది కాజాలు వేయించాడు. మూడో ఏట గాని టేపు చేతికివ్వలేదు. ఇచ్చిన రోజున దగ్గర కూర్చోబెట్టుకొని, కమర్ కొలత, అంటే నడుముది, పొట్ట మీద తీయొద్దని చెప్పాడు. ప్యాంటు నిలిచేది పొట్ట కింద, కాబట్టి అక్కడే తీయాలి. వచ్చిన అంకెను నలుగురిలో పైకి అనొద్దు. "పొట్ట గిరాకీది, కమర్ మనది. ఆయన పొట్ట సంగతి నీకెందుకు బేటా?" అన్నాడు.

సిద్దిరాములు ఆ మాట జవదాటలేదు. పైగా తన వంతు మర్యాద కూడా కొంత కలిపాడు. ప్యాంటు బిగుతైందని ఎవరైనా తెస్తే, "గుడ్డ గుంజుకపోయింది పటేలా, ఉతుకుడు ఎక్కువైంది" అనేవాడు. ప్రతి ప్యాంటుకూ వెనక కుట్టు లోపల నాలుగు వేళ్ల గుడ్డ వదిలి ఉంచేవాడు. బిగుతైనప్పుడల్లా కుట్టు విప్పి ఒక వేలు జరిపేవాడు. జరిపినది బుక్కులో రాసేవాడు కాదు. మొదటిసారి రాసిన అంకె రాసినట్టే ఉండేది. పదేళ్ల కింద ముప్పై నాలుగు ఉన్న మనిషి ఇవాళ కూడా ముప్పై నాలుగే. ఆ మాట విని గిరాకీ నవ్వుకుంటూ పోయేవాడు, మళ్లీ వచ్చేవాడు.

నిజానికి అతని దుకాణాన్ని నిలబెట్టింది పొట్టలే. రెడీమేడ్ షాపులు వచ్చాక ఆ సందులోనే ముగ్గురు దర్జీలు మిషన్లు అమ్ముకున్నారు. పడుచువాళ్లు కుట్టించుకోవడమే మానేశారు. అయితే రెడీమేడ్ ప్యాంటు పొట్ట కింద ఆగదు, ఆగేంత పెద్దది కొంటే తొడల దగ్గర సంచిలా వేలాడుతుంది. అందుకని కాళ్లు సన్నగా ఉండి పొట్ట ముందుకొచ్చిన వాళ్లంతా వెతుక్కుంటూ సిద్దిరాములు దగ్గరికే వచ్చేవారు. ఏటికేడు వాళ్లు పెరిగారు. ఒకప్పుడు నాగలి పట్టినవాళ్లు ఇప్పుడు గట్టు దాకా బండి మీద పోయి, ట్రాక్టరు డ్రైవరుకు చెయ్యూపి, బండి దిగకుండానే తిరిగొస్తున్నారు. కోతకు మిషను, మోటారుకు ఆటోమేటిక్ స్టార్టరు, మూడు పూటలా తెల్లన్నం. "నీ చెయ్యి పడితే పొట్టనే కనవడదు మాస్టరూ" అని మెచ్చుకునేవారు. ఆ మెచ్చుకోలు మీదనే అతని ఇల్లు గడిచింది.

ఆషాఢంలో ఒక ముసురు పూట ఆశ వర్కర్ నర్సవ్వ గొడుగు ముడుచుకొని దుకాణంలోకి వచ్చింది. చంకలో ఫారాల కట్ట. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి మనిషి పేరు మీదా ఒక ఫారం నింపాలి. వయసెంత, పొగాకు అలవాటుందా, మందు తాగుతారా, ఒళ్లు వంచి పని చేస్తారా, ఇంట్లో ఎవరికైనా షుగరో బీపీయో ఉందా, నడుము చుట్టుకొలత ఎంత. ఒక్కోదానికి ఇన్ని అని మార్కులు వేసి కూడాలి. నాలుగు దాటినవాళ్లను ముందు పిలిచి రక్తం, బీపీ చూస్తారు. మిగతావాళ్ల వంతు ఆ తర్వాత.

"ఆడోళ్లది అయిపోయింది అన్నా. మొగోళ్లతోనే చావొచ్చింది," అంది నర్సవ్వ స్టూలు మీద కూలబడి. "టేపు తీస్తే చాలు, ఇకిలిస్తరు. 'నా నడుము నీకెందుకు నర్సవ్వా, వడ్డాణం చేపిస్తవా' అంటడు ఒగడు. పొద్దంత తిరిగితే ఇద్దరు దొరుకుతలేరు."

సిద్దిరాములు పంటితో దారం తెంపుతూ నవ్వాడు. "నడుముల కోసం ఇండ్లిండ్లు తిరుగుడెందుకు చెల్లె? ఈ వాడ నడుములన్నీ నా బుక్కులనే ఉన్నయి గద."

సాయం చేద్దామనే అన్నాడు. నర్సవ్వ మొహం వెలిగింది. అరగంటలో పద్నాలుగు మంది పని తెమిలిపోయింది. అతను అంగుళాలు చదివాడు, ఆమె ఫోన్లో సెంటీమీటర్లు చేసి రాసుకుంది. మగవాళ్లకు తొంభై దాటకపోతే సున్నా. సాయిరెడ్డి ముప్పై నాలుగు అంగుళాలు, అంటే ఎనభై ఆరు, సున్నా. సిద్దిరాములు బామ్మర్ది శేఖర్‌దీ అంతే, సున్నా. సిద్దిరాములు తనది ముప్పై మూడు చెప్పుకున్నాడు. దానికీ సున్నా.

"మీ వాడ మొగోళ్లు మంచిగనే ఉన్నరే," అంది నర్సవ్వ ఫారాలు సర్దుకుంటూ. "పక్క వాడల ఎవన్ని పట్టినా వందకు మీదనే."

"మా వాడకు మాస్టరున్నడు గద," అన్నాడతను. ఇద్దరూ నవ్వుకున్నారు. అతను ఛాయ్ తెప్పించాడు.

సాయిరెడ్డి అతనికి బడి నాటి దోస్తు. ఎనిమిదెకరాల ఆసామి. నలుగురిలో ఉంటే సిద్దిరాములు అతన్ని "పటేలా" అనేవాడు, ఇద్దరే ఉంటే "సాయిగా". వినాయకుణ్ణి నిమజ్జనం చేసిన మర్నాడు సాయిరెడ్డి బూడిద రంగు ప్యాంటు ఒకటి చంకలో పెట్టుకొని వచ్చాడు.

"అరే సిద్దిగా, కూసుంటే ఊపిరాడుతలేదురా. జర వదులు చెయ్."

సిద్దిరాములు ప్యాంటు తిరగేశాడు. వెనక కుట్టు లోపల పాత కుట్ల గీతలు ఒకదాని పక్కన ఒకటి వరసగా ఉన్నాయి. నాలుగో వేలు గుడ్డ పోయిన బతుకమ్మకే వాడేశాడు. ఇక అంచు దారాలు మాత్రమే మిగిలాయి.

"లోపల గుడ్డ ఒడ్సింది సాయిగా. ఇంక ఇడువనీకి ఏం లేదు."

"అయితే అతుకెయ్."

"అతుకు కనవడ్తది."

"ఎనక నుంచి చూసేటోడెవడురా? ముంగట నుంచి చూసేటోనికి పొట్టనే అడ్డం." సాయిరెడ్డి పొట్ట మీద చరుచుకొని గట్టిగా నవ్వాడు. నవ్వు సగంలో ఆపి రొమ్ము మీద అరచేత్తో రుద్దుకున్నాడు. "గ్యాసు. పొద్దటి సంది గిట్లనే ఉంది. పోంగ ఒక సోడా తాగాలె. అది సరే, ఎంతున్నరా ఇప్పుడు? నిజం చెప్పు."

సిద్దిరాములు పొట్ట కింద టేపు చుట్టాడు. టేపు మీద ముప్పై ఏడు. పైన బొడ్డు దగ్గర అతని కన్ను ఇంకో అంకె చదివింది. అతని కన్ను టేపు కంటే ముందే కొలిచేది, అర అంగుళం తేడా వచ్చేది కాదు. అంతలో ఇంకో గిరాకీ బట్టల సంచితో లోపలికొచ్చి నిలబడ్డాడు.

"గదే ముప్పై నాలుగు పటేలా. గుడ్డ గుంజుకపోయింది."

"ఇన్నవా!" అన్నాడు సాయిరెడ్డి వచ్చినతన్ని చూసి. "పెండ్లప్పుడు ఎంతనో, ఇప్పుడూ గంతే."

ఆ ప్యాంటు దుకాణంలోనే ఉండిపోయింది. పన్నెండో రోజు పొద్దున సాయిరెడ్డి పొలం గట్టు మీద కూలబడ్డాడు. కూలీలు గ్యాసని సోడా తాగించారు. తగ్గలేదు. ఇంకో సోడా తాగించారు. అలా గంట పోయింది. అతని తమ్ముడు కారు తెచ్చేసరికి అంగీ చెమటతో ఒంటికి అంటుకుపోయి ఉంది. కబురు విని ఉరికొచ్చిన సిద్దిరాములు వెనక సీట్లో దోస్తు తల ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు.

"గ్యాసేరా," అన్నాడు సాయిరెడ్డి. "తగ్గుతది."

లింగంపేట దాటాక సాయిరెడ్డి సిద్దిరాములు చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకున్నాడు. తర్వాత వదిలేశాడు.

కామారెడ్డి ఆస్పత్రిలో డాక్టరు కళ్లల్లో లైటు వేసి చూసి, ప్రాణం దారిలోనే పోయిందన్నాడు. గుండెపోటన్నాడు. "షుగరు, బీపీ ఎప్పటి నుంచి ఉన్నాయి?" అని అడిగాడు.

"ఏం లెవ్వు సార్. మంచిగుండె," అన్నాడు తమ్ముడు.

"లేవా, చూపించుకోలేదా?"

తమ్ముడు సిద్దిరాములు వైపు చూశాడు. డాక్టరు దుప్పటి కప్పబోతూ పొట్ట వైపు చూశాడు. "నడుము చూస్తేనే అనుమానం రావాలి కదా. ఒక్కసారైనా ఎవరూ పరీక్షకు పంపలేదా?" అన్నాడు. సిద్దిరాములు గోడకు ఆనుకొని నిలబడి ఉన్నాడు. ఆ మాట అతని చెవిన పడింది గాని లోపలికి పోలేదు.

పెద్ద కర్మ అయిన మర్నాడు నర్సవ్వ వచ్చింది. ఈసారి స్టూలు మీద కూర్చోలేదు.

"అన్నా, జర తలుపు దగ్గరికెయ్."

వేశాడు. ఆమె సంచిలోంచి ఒక ఫారం తీసి కోత బల్ల మీద పెట్టింది. పైన సాయిరెడ్డి పేరు. వయసుకు రెండు, ఒళ్లు వంచని పనికి ఒకటి, నడుముకు సున్నా. మొత్తం మూడు.

"నిన్న ఆయన ఫోటో చూసిన," అంది. "దండేసిన ఫోటో. నిలువుది. ఇంటికి పోయినంక నిద్ర పట్టలే అన్నా. గా పొట్ట ముప్పై నాలుగు ఎట్లయితది?"

"పొట్ట కింద గద తీసేది," అన్నాడు సిద్దిరాములు. "ప్యాంటు నిలిచే కాడ."

నర్సవ్వ అతని మొహంలోకి చూసింది. "కింద తీస్తరా?"

"గదే పద్ధతి. మీదికెళ్లి తీస్తే ప్యాంటు జారుతది."

"గా బుక్కుల రాసింది ఈ ఏడాది కొలతేనా?"

బుక్కులో సాయిరెడ్డి పేజీ తొమ్మిదేళ్లనాటిది.

నర్సవ్వ తన టేపు తీసింది. "నిలబడు. అంగీ లేపు." మామూలప్పుడైతే ఇద్దరికీ సిగ్గయ్యేది. ఆమె అతని పక్కటెముకల్లో ఆఖరిదాన్ని వేలితో వెతికింది, కింద తుంటి ఎముక వెతికింది, రెంటికీ నడుమ, బొడ్డు ఎత్తున టేపు చుట్టింది. "ఊపిరి ఇడువు. గుంజకు, మామూలుగ ఇడువు. ఆఁ. ఇగ నువ్వే చూసుకో."

తొంభై తొమ్మిది. అతను టేపు రెండో వైపు తిప్పి చూశాడు. ముప్పై తొమ్మిది అంగుళాలు. ముప్పై ఏళ్లు టేపుతో బతికినవాడు తన నడుము చుట్టూ అక్కడ ఒక్కసారి కూడా టేపు చుట్టుకోలేదు.

"నేను బక్కోన్ని గద," అన్నాడు.

"బక్కోళ్లకే మోసం ఎక్కువంట. మీటింగుల చెప్పిండ్రు. చేతికి మెత్తగ దొరుకుతది సూడు, గది కాదంట అసలుది. లోపల పేగుల సుట్టు, కార్జం సుట్టు కొవ్వు పేరుకుంటదంట. షుగరు గది తెస్తది, బీపీ గది తెస్తది, గుండెకు పోయే నరాల్ల అడ్డం పడ్తది. కాళ్లు చేతులు సన్నగుంటయి, పొట్టొక్కటే ఉంటది. ఎవ్వలకు అనుమానం రాదు." ఆమె ఫారం మీద సున్నా దగ్గర వేలు పెట్టింది. "ఈడ రెండు పడాలె. రెండు పడితే ఐదు. ముందుగాల పిలిచెటోళ్లల్ల ఆయన పేరే మొదలు ఉంటుండె."

"ఎప్పుడు?"

"ఆషాఢంలనే."

"ఆషాఢంలనే?" అన్నాడు మళ్లీ, వినపడనట్టు.

డాక్టరు ఆ రోజు అన్న మాట అప్పుడు లోపలికి దిగింది. గోడ కొక్కేనికి సాయిరెడ్డి బూడిద రంగు ప్యాంటు వేలాడుతూ ఉంది. అతను దానివైపు చూడకుండా ఉండడానికి నేల వైపు చూశాడు. నేల మీద పొద్దుటి నుంచి కత్తిరించిన గుడ్డ పేలికలు.

"మిగిలినోళ్లు?" అన్నాడు చివరికి.

"పదమూడు మంది. నీతోని కలిపి."

ఆ సాయంత్రమే దుకాణం మూసి నర్సవ్వ వెంట బయలుదేరాడు. వాడలో నవ్వులే నవ్వులు. "ఏం మాస్టరూ, మొన్నటిదాకా ముప్పై ఆరు, ఇయ్యాల నలభై రెండా? ఎల్లారెడ్డిల అంగుళాలు చిన్నగైనయా?" అన్నాడొకాయన. "నీ చేతుల పొట్ట కనవడదంటిమి గద, ఇప్పుడు నువ్వే గుంజి చూపెడ్తున్నవేంది?" అన్నాడింకొకాయన. సిద్దిరాములు బొడ్డు మీద టేపు పట్టి, అంకె పైకి చదివాడు. నాలుగు రోజుల్లో తనతో కలిపి పన్నెండు మందికి నర్సవ్వ కొత్తగా ఫారాలు రాసింది. వారిలో ఎనిమిది మందికి నాలుగు దాటింది. రక్తం చూస్తే సిద్దిరాములుది షుగరు అంచు మీద ఉందని తేలింది. మిగిలింది ఒక్క శేఖరే.

శేఖర్‌ది దోమకొండ. తల్లి చిన్నప్పుడే పోతే అక్క మంగవ్వ చంకనెత్తుకొని పెంచింది. మంగవ్వకు సిద్దిరాములుతో పెళ్లయ్యాక అక్క వెంటే ఎల్లారెడ్డి వచ్చేశాడు. ఇప్పుడు ముప్పై ఆరేళ్లు. ఎల్లారెడ్డికీ కామారెడ్డికీ మధ్య ఒక ప్రైవేటు బస్సు నడుపుతాడు. రెండిళ్ల అవతలే కాపురం. ఆర్నెల్లుగా నీళ్ల మీద నీళ్లు తాగుతున్నాడని, రాత్రి నాలుగుసార్లు లేస్తున్నాడని, అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని అతని భార్య మంగవ్వకు చెప్పింది. స్టీరింగు పక్కన ఎప్పుడూ ఒక సోడా బుడ్డి ఉంటుంది. గ్యాసు.

బస్టాండులో టేపు చూడగానే శేఖర్ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. "బావా, నీకేమన్న గాలి సోకిందా? పటేల్ పోయిన కాన్నుంచి వాడ మీద వడ్డవు. నేను ముప్పై నాలుగు. నీ బుక్కులనే ఉంది."

"నువ్వు నలభై ఒకటి."

"రాత్రికి రాత్రే బలిసిన్నా?"

"నిన్న గూడ నలభై ఒకటే."

"మరి ప్యాంటు ఎట్ల పట్టింది?"

"కింద పట్టింది."

"ప్యాంటు కిందనే గద బావా తొడిగేది! నెత్తికి తొడుగుతమా?" చుట్టూ ఉన్న డ్రైవర్లు పగలబడ్డారు. శేఖర్ వాళ్లకేసి కన్ను గీటాడు. అంతలో మొహం మారిపోయి సిద్దిరాములును పక్కకు లాగాడు. "దవాఖానకు వోను బావా. పోతే ఏదో ఒకటి అంటరు. షుగరని పేరు పడితే ఓనరు స్టీరింగ్ ఇస్తడా? నాకు నువ్వు మంచి జేస్తున్నవా, కూడు తీస్తున్నవా?"

ఆ రాత్రి మంగవ్వ పళ్లెం ముందు పెట్టి, తాను దూరంగా కూర్చుంది. "ముప్పై నాలుగని వానికి చెప్పింది నువ్వేనాయె," అంది. "నేను చెప్తే ఇంటలేడు. నువ్వు చెప్పిన మాట నువ్వే తిప్పుకోవాలె. తల్లి లేని పోరడు." ముప్పై ఆరేళ్లవాడు ఆమెకింకా పోరడే. సిద్దిరాములు అన్నం సగంలో చెయ్యి కడిగాడు.

బస్సు ఓనరు దీపావళికి డ్రైవర్లందరికీ ఖాకీ గుడ్డ ఇచ్చాడు. శేఖర్ తన ముక్క తెచ్చి బల్ల మీద పడేసి, "పాత కొలతకే కుట్టు బావా. కొత్త లెక్కలు నా మీద వెయ్యకు" అని బస్సుకు టైమైందంటూ వెళ్లిపోయాడు. సిద్దిరాములు గుడ్డ పరిచి సుద్ద పట్టుకున్నాడు. చెయ్యి పాత అలవాటున పొట్ట కింద గీత వైపే పోయింది. ఆపి, తుడిచి, పైకి గీశాడు. బొడ్డు ఎత్తున నలభై ఒక్క అంగుళాలు. శేఖర్‌ను కొలవలేదు, కొలవనివ్వడు కూడా. కన్నుతోనే కోశాడు. వెనక కుట్టు లోపల ఒక్క వేలు గుడ్డ కూడా వదల్లేదు.

శనివారం మధ్యాహ్నం శేఖర్ వచ్చేసరికి ఆ ప్యాంటు గుమ్మానికి ఎదురుగా కొక్కేనికి వేలాడుతోంది.

"అవ్వో! ఇదెవనిది బావా?" అన్నాడు గుమ్మంలోనే ఆగి. "వడ్ల కుప్ప మీద కప్పెతందుకు కుట్టినవా?" దాన్ని తీసి గాలిలో దులిపాడు. బెంచీ మీద కూర్చున్న ముసలాయనకు చూపించాడు. "చూడు తాతా, ఇండ్ల మనిద్దరం పడ్తం. ఎవడో గాని, వీనికి దర్జీతోని కాదు పని, డాక్టరుతోని."

ముసలాయన నవ్వాడు. సిద్దిరాములు నవ్వలేదు.

"తొడుగు," అన్నాడు.

"నేనా?"

"నీ ఖాకీనే."

శేఖర్ గుడ్డ వైపు చూశాడు. అవును, తన గుడ్డే. ఓనరు ఇచ్చిన ముక్క అంచున నీలి గీత ఉంది. "పరాష్కం గద బావా?" అన్నాడు. సిద్దిరాములు పరదా తొలగించి పట్టుకున్నాడు. శేఖర్ లోపలికి పోతూ పోతూ, "ఊడి కింద పడితే నువ్వే పట్టుకోవాలె" అన్నాడు.

పరదా వెనక బెల్టు బకిల్ చప్పుడైంది. కాసేపు గుడ్డ రాపిడి వినిపించింది. తర్వాత ఏమీ వినిపించలేదు. ముసలాయన నవ్వు మొహంతోనే ఎదురుచూశాడు. గడియారం వంక చూసి మళ్లీ పరదా వంక చూశాడు.

"ఏం రా, ఊడిందా?" అని అరిచాడు.

శేఖర్ బయటికొచ్చాడు. ప్యాంటు బొడ్డు దాకా ఉంది. గుండీ పెట్టి ఉంది. బెల్టు చేతిలోనే ఉంది. నడుము దగ్గర వేలు దూర్చబోయాడు. దూరలేదు. ఇంకో పక్క ప్రయత్నించాడు. అక్కడా దూరలేదు. అద్దంలో ముందుకు చూసుకొని, పక్కకు తిరిగి చూసుకున్నాడు. పొట్టకు పైనుంచి కింది దాకా గుడ్డ అంటుకొని ఉంది. దాచడానికి ఏమీ లేదు.

"నువ్వు కొలవనే లేదు గద," అన్నాడు.

"లేదు."

స్టూలు మీద కూర్చోబోయాడు. కూర్చుంటే గుండీ ఒత్తింది. మళ్లీ లేచి నిలబడ్డాడు. చాలాసేపు అద్దం పక్కన కొక్కేనికున్న ఇంకో ప్యాంటును, బూడిద రంగుదాన్ని, చూస్తూ ఉండిపోయాడు. అది ఎవరిదో అతనికి తెలుసు.

"బావా," అన్నాడు మెల్లగా, "పటేల్ గూడ సోడానే తాగెటోడు గదా."

సోమవారం శేఖర్ తాను నడిపే బస్సులోనే టికెట్ తీసుకొని కామారెడ్డి పోయాడు. పక్క సీట్లో సిద్దిరాములు. పరగడుపున షుగరు రెండు వందల ఎనభై ఆరు. బీపీ నూట డెబ్బై. డాక్టరు గుండెకు ఈసీజీ తీయించి, అది చూసి కనుబొమలు ముడిచి, ఇంకో పరీక్ష రాశాడు. మధ్యాహ్నానికి తేలింది. గుండెకు రక్తం తీసుకుపోయే నాళంలో అడ్డు పడింది. ఇంకా మూసుకోలేదు. డాక్టరు మందులు రాసి, వారంలో హైదరాబాద్‌లో చూపించమని చీటీ రాసి, అక్కడివాళ్లు సరే అనేదాకా స్టీరింగు ముట్టొద్దని చెప్పాడు.

"రొమ్ములో నొప్పి వస్తోందా?"

"గ్యాసు సార్."

"అది గ్యాసు కాదు," అన్నాడు డాక్టరు రాస్తూనే. "ఇంకో నెల అయితే నువ్వు నడిచి వచ్చేవాడివి కాదు. ఇంత తొందరగా ఎవరు పంపించారు?"

శేఖర్ బావ వైపు చెయ్యి చూపించాడు. డాక్టరు తలెత్తి చూసి, అతని మెడ దగ్గర చూపు ఆపాడు. సిద్దిరాములు తడుముకున్నాడు. పొద్దున దుకాణం నుంచి వచ్చేటప్పుడు తీయడం మరిచిన టేపు మెడలోనే వేలాడుతోంది.

తిరుగు బస్సులో శేఖర్ కిటికీ పక్కన కూర్చున్నాడు. స్టీరింగు మీద వేరే మనిషి. ప్రతి మలుపు దగ్గరా శేఖర్ కుడికాలు తనంతట తానే నేలను నొక్కుతోంది. మందు గోలీల సంచి ఒళ్లో పెట్టుకున్నాడు. తాడ్వాయి దాటాక నోరు విప్పాడు.

"బావా, కొలవకుండనే కోసినవు గద."

"ఊఁ."

"అంటే నీ కన్నుకు ముందే తెలుసన్నట్టు."

సిద్దిరాములు ముందు సీటు ఇనుప కడ్డీ పట్టుకున్నాడు. "తెలుసు."

"నాది ఎప్పటి సంది?"

"మూడేండ్ల సంది."

బస్సు గతుకులో పడి లేచింది. శేఖర్ అతని వైపు పూర్తిగా తిరిగాడు. "పటేల్‌ది ఎంతుండె?"

సాయిరెడ్డి చెయ్యి వదిలేసిన చోటు ఇంకా రాలేదు. వస్తుందని సిద్దిరాములుకు తెలుసు. ఒక చింతచెట్టు, దాని కింద మైలురాయి. ఆ రోజు కారు కిటికీలోంచి చూసింది అంతే.

"నలభై మూడు," అన్నాడు. ఆ అంకెను పైకి అనడం అదే మొదటిసారి.

"ఎన్నేండ్ల సంది?"

"ఆరేండ్లు."

శేఖర్ తిట్టలేదు. తిడతాడని, తిడితే బాగుండని సిద్దిరాములు చూశాడు. శేఖర్ మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. చింతచెట్టు, మైలురాయి వచ్చి వెనక్కి పోయాయి.

లింగంపేటలో బస్సు ఆగింది. సోడాలమ్మే మనిషి శేఖర్‌ను గుర్తుపట్టి, "ఏందన్నా, ఇయ్యాల ఈడ కూసున్నవ్?" అంటూ ఒక బుడ్డి కిటికీలోంచి అందించాడు. అలవాటుగా శేఖర్ చెయ్యి చాచాడు. బుడ్డి చల్లగా వేళ్లకు తగలగానే ఉలిక్కిపడి, నిప్పు తగిలినట్టు చెయ్యి లోపలికి లాక్కున్నాడు.